వంకర పుస్తకం

జూన్ 3, మంగళవారం

ఈ రోజు లాండ్రీలో ఎవరిదో తెల్ల చొక్కా కాలర్ మాడ్చాను. పంతొమ్మిదేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నాను, ఇలా జరగడం ఇదే మొదటిసారి. పెట్టె కాలర్ మీద ఆన్చి, మనసులో మా మరిదిని తిడుతూ నిలబడిపోయాను. తిట్టడం పూర్తయ్యేసరికి గోధుమరంగు మచ్చ పడింది. ఈ తిట్లు ఎక్కడో ఒకచోట పెట్టుకోకపోతే ఊళ్ళో చొక్కాలన్నీ మాడేలా ఉన్నాయి. అందుకే ఈ డైరీ.

ఇంట్లో ఖాళీగా ఉన్న పుస్తకం ఇదొక్కటే. ఇది మా మరిది పదహారేళ్ళప్పుడు బైండింగు నేర్చుకుంటూ కుట్టిన మొదటి పుస్తకం. కింది అంచు కోసేటప్పుడు కాగితాలు పక్కకి జరిగాయి, వాడు చూసుకోలేదు. ఒక మూల పొడుగు, ఒక మూల పొట్టి. బల్ల మీద నిలబెడితే తాగినవాడిలా ఒరుగుతుంది. చిత్తుకాగితాల్లో పడేద్దామంటే మా ఆయన ఒప్పుకోలేదు. "మా తమ్ముడి మొదటి పుస్తకం" అని పద్దెనిమిదేళ్ళుగా అలమారలో దాచారు. మంచిదే అయింది. వాడి పుస్తకంలోనే వాడి బాగోతం రాస్తాను.

ఆయన అప్పుడే మరచిపోదామంటున్నారు. ఇంట్లో ఒక్కరికైనా గుర్తుండాలి కదా. ఒకసారి వరసగా రాసిపెడతాను.

మే పద్నాలుగు. అన్నదమ్ములిద్దరూ పనిచేసే ప్రెస్సులో, కటింగ్ మిషను గది. ఆ మిషనుకి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది. ఒక్కటి నొక్కితే దిగదు. ఆ రోజు మిషను మీద మా మరిది ఉన్నాడు. ఒక చేత్తో ఫోన్ చూసుకోవచ్చని, రెండో బటన్ని నొక్కి పెట్టి బైండింగు దారంతో కట్టేశాడు. కత్తి కింద కాగితాలు కాస్త జరిగినట్టు ఆయనకి కనిపించింది. తమ్ముడి చేతిలో ఫోన్ కూడా కనిపించింది. ఒక చేతిలో ఫోన్ ఉందంటే కత్తి దిగదు, ఆ పని తెలిసినవాళ్ళందరికీ అది తెలుసు. అందుకే ధీమాగా చెయ్యి పెట్టి కాగితాలు సర్దబోయారు. వాడు ఫోన్ చూస్తూనే మిగిలిన బటన్ నొక్కాడు. పని తెలియనివాడైతే అసలు చెయ్యి పెట్టేవాడే కాదు.

కుడిచేతికి మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

అక్కడితో అయిపోలేదు. అందరూ ఆయన్ని ఆసుపత్రికి మోసుకెళ్ళే హడావుడిలో వాడు ఆ దారం కోసేశాడు. కింద పడిన ముక్క ఓనరు కంటపడింది. ఎవరు కట్టారని అడిగాడు. "అన్నయ్యే కట్టాడండీ. మిషను మీద అన్నయ్యే ఉన్నాడు" అన్నాడు మరిది. గదిలో ఉన్నది వాళ్ళిద్దరే కాబట్టి చూసినవాళ్ళు లేరు. పైగా ఆ ముడి మా ఆయన వేసే ముడి, ప్రెస్సులో అందరూ గుర్తుపడతారు. ఆ ముడి ఆయన తన తమ్ముడికి ఒక్కడికే నేర్పారని మాత్రం ఎవరికీ తోచలేదు.

నా పెళ్ళినాటికి వాడికి పదమూడేళ్ళు. తల్లీ తండ్రీ లేరు. కన్నకొడుకులా పెంచాను. పిల్లలు లేరన్న దిగులు నాకు వాడి వల్లే తెలియలేదు. ఇది కూడా రాసిపెట్టుకోవాలి.

జూన్ 4, బుధవారం

కాలర్ గురించి లాండ్రీ ఓనరమ్మ ఒక్క మాట అనలేదు. పోనీ తిట్టినా బాగుండేది.

జూన్ 8, ఆదివారం

ప్రమాదం తర్వాత ఆయన చర్చికి రావడం ఇదే మొదటిసారి. మూడో వరస బెంచీ మాది. గోడ పక్కన ఆయన, తర్వాత నేను, తర్వాత మరిది, చివర తోడికోడలు. ఆ ఇద్దరూ మే నెల నుంచి చర్చి మొహం చూడలేదు. అయినా ఆయన కూర్చోగానే, "కాస్త ఇటు జరుగు. వాడొస్తే చోటుండాలి" అన్నారు.

జరిగాను. జరిగి, ఆ చోట్లో నా చేతిసంచి పెట్టాను. ఆయన సంచి వైపు చూశారు, నా వైపు చూశారు, పాటల పుస్తకం తెరిచారు. ఎడమచేత్తో పేజీలు తిప్పడానికి అవస్థ పడుతున్నారు, సాయం చెయ్యబోతే వద్దన్నారు.

అందరం కలిసి చెప్పే ప్రార్థనలో, మాకు అన్యాయం చేసినవాళ్ళని మేం క్షమించాం కాబట్టి మమ్మల్నీ క్షమించమని అడిగే చోటు ఒకటి ఉంది కదా. అక్కడ నోరు మూసుకున్నాను. క్షమించలేదు కాబట్టి చెప్పలేదు, దేవుడి ముందు అబద్ధమెందుకు. నా గొంతు ఆగడం పక్కనున్న ఆయనకి వినిపించే ఉంటుంది.

జూన్ 9, సోమవారం

ఆయన పనిలోకి వెళ్ళారు. పొద్దున చొక్కా గుండీలు పెడతానంటే, "వద్దు, నేనే పెట్టుకుంటాను" అన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. వంటింట్లోంచి వింటూ కూర్చున్నాను.

సాయంత్రం వచ్చాక అడిగితే తెలిసింది. ఆయన్ని గోడౌనులో వేశారు. కోతలో రాలిన కాగితపు ముక్కలు సంచుల్లో కుక్కే పని. బైండింగు సెక్షను మేస్త్రీగా ఆయన స్థానంలో ఇప్పుడు మరిదిని పెట్టారు.

"ఓనరు ఆసుపత్రికి వచ్చినప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది" అన్నాను.

"చెప్పాను కదా. నేను కట్టలేదని చెప్పాను. రోజూ మిషను మొదలుపెట్టే ముందు బటన్లు చూడమనీ చెప్పాను."

"ఎవరు కట్టారో చెప్పలేదుగా."

"అది వాడు చెప్పుకోవాలి. నేను చెప్పేస్తే వాడికి చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?"

"వాడు మీ కుర్చీలో కూర్చున్నాడండీ."

"కూర్చున్నాడు పాపం, మేకుల మీద కూర్చున్నట్టు" అన్నారు. పాపమట. ఈ మనిషితో వేగడం నా వల్ల కాదు. రెండు వేళ్ళ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పాపం అంటున్నాడు.

జూన్ 17, మంగళవారం

చర్చిలో కుట్లు ఊడిపోయిన పాటల పుస్తకాలు నలభై ఉన్నాయి. వాటిని ఇంటికి తెచ్చుకున్నారు. ఒక్కొక్కటీ విప్పి మళ్ళీ కుడతారట. నేల మీద సూది పడ్డ చప్పుడు ఇరవై మూడుసార్లు విన్నాను. ఇరవై నాలుగోసారికి "ఈ సూదికి నేల మీద ఏదో పనుంది" అన్నారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళి కొళాయి తిప్పి నిలబడ్డాను.

పడుకునేలోపు నాలుగు కుట్లు వేశారు. కుట్లు తిన్నగానే ఉన్నాయి.

జూన్ 22, ఆదివారం

బెంచీ మీద ఈసారి సంచి పక్కన గొడుగు కూడా పెట్టాను. పాస్టరుగారు ప్రేమ గురించి బాగా మాట్లాడారు. అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి, "మీ మరిది కనిపించడం లేదేమిటమ్మా" అని అడిగారు. నీళ్ళు నమిలాను. ఇంటికొచ్చే దారి పొడుగునా వాడికి చెప్పాల్సిన మాటలు పేర్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు రాసేస్తే ఒక పని అయిపోతుంది. ఒరేయ్, నేను నీకు చెప్పాలనుకున్నదేమిటంటే

జూన్ 28, శనివారం

తోడికోడలు లాండ్రీకి వచ్చింది. కర్టెన్లు ఇవ్వడానికని వచ్చింది కానీ, ఆ కర్టెన్లు మాసినవేం కావు.

"అక్కా, బావగారు నిన్న మా ఇంటికొచ్చారు. నీకు చెప్పారా?"

చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి దానికి తెలియనివ్వకుండా, "ఏమన్నారు?" అన్నాను.

"బావగారి గొంతు వినగానే ఈయన బాత్రూంలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. నాకు తల తీసేసినట్టయింది. బావగారు కుర్చీ తెచ్చుకుని బాత్రూం తలుపు ముందే వేసుకున్నారు. అక్కడే కూర్చుని మాట్లాడారు."

"తలుపుతోనా?"

"తలుపుతోనే. 'ఒరేయ్, దారం కట్టింది నువ్వు. నా మీద చెప్పింది నువ్వు. ఆ రెండూ నాకు తెలుసు, నీకూ తెలుసు. తప్పు తప్పే, అది చిన్నదని నేనెప్పుడూ అనను. కానీ నువ్వు ఒప్పుకునేదాకా నీ మీద పగబట్టి కూర్చోను. నేను నిన్ను క్షమించేశాను. నువ్వు బయటికొచ్చినా క్షమించినట్టే, లోపలున్నా క్షమించినట్టే' అన్నారు. లోపలినుంచి చప్పుడు లేదు. బావగారు కాసేపు చూసి, 'లోపల చల్లగా ఉంటుంది, ఎక్కువసేపు ఉండకు' అని వెళ్ళిపోయారు."

అది ఏడుస్తోంది. దాని చేతిలోంచి కర్టెన్లు తీసుకుని, ఇస్త్రీ చేసి ఇచ్చాను. అవసరం లేని ఇస్త్రీ.

ఇంటికొచ్చాక ఆయన్ని అడగలేదు. పాటల పుస్తకాల్లో పదకొండోది కుడుతున్నారు. మెడ వంచి, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, చిన్నపిల్లాడిలా. ఇరవై ఒక్కేళ్ళు కాపురం చేశాను. ఈ మనిషి ఇంత ఎత్తని నేనెప్పుడూ కొలిచి చూసుకోలేదు. ఒళ్ళు మండుతున్నా రాయక తప్పడం లేదు.

జూలై 6, ఆదివారం

నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. అందరూ లేచి ముందుకెళ్ళి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. ఎవరి మీదైనా పగ ఉంటే ముందు అది వదులుకుని రమ్మంటారు. నేను లేవలేదు. మూడో వరసలో నేనూ, సంచీ, గొడుగూ మిగిలాం.

చివర్లో పాస్టరుగారు వచ్చి పక్క బెంచీలో కూర్చున్నారు. "ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"ఒంట్లో బాగానే ఉందండీ. నేను ఒకణ్ణి క్షమించలేదు. అందుకని రాలేదు."

"మంచి పని చేశారు" అన్నారు. నేను తెల్లబోయాను. "అబద్ధంతో వచ్చి రొట్టె తీసుకోవడం కన్నా నిజంతో కూర్చోవడమే నయం. కానీ అమ్మా, అక్కడే స్థిరపడిపోకండి."

జూలై 12, శనివారం

క్షమించేశాను. మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుని లేచాను, గుండెలో ఏ బరువూ లేదు. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్ని.

జూలై 14, సోమవారం

వీధి మలుపులో వాడు ఎదురొచ్చాడు. పక్కనున్న మందుల షాపులో దూరాను. షాపతను ఏం కావాలని అడిగితే నోటికొచ్చింది చెప్పాను. పసిపిల్లల దగ్గు సిరపు ఇచ్చాడు. ఇంట్లో పసిపిల్లలు లేరు. అద్దంలోంచి చూస్తే వాడు రోడ్డు దాటిపోతున్నాడు. భుజాలు వంగిపోయాయి, చొక్కాకి ఇస్త్రీ లేదు.

శనివారం రాసింది కొట్టేయాలి. కొట్టేయను, ఉండనీ. నా గొప్ప నాకు తెలియాలి.

జూలై 24, గురువారం

ఈ రోజు నిజంగా పోట్లాడాను.

ప్రెస్సుకి పెద్ద ఆర్డరు వచ్చింది, రెండు వేల పాటల పుస్తకాలు. అచ్చయిన పెద్ద కాగితాలు, ఫారాలంటారు, అవి మడతపెట్టి, వరసగా పేర్చి, కుట్టి, కొయ్యాలి. మరిది వరస తప్పించాడు. ఐదో ఫారం తర్వాత ఏడోది పెట్టించాడు. అలాగే కోసేస్తే రెండు వేలూ చెత్తే. ఆయన గోడౌనులోంచి సంచి మోసుకెళ్తూ కుట్టిన కట్టలు చూశారట. పేజీ నంబరు చూడక్కర్లేదు ఆయనకి, అంచు చూస్తే తెలిసిపోతుంది. నేరుగా మరిది దగ్గరికెళ్ళి, ఎవరికీ వినపడకుండా, "ఐదు తర్వాత ఆరు చూసుకో" అని చెప్పి సంచి మోసుకుంటూ వెళ్ళిపోయారు.

"కోయనివ్వాల్సింది" అన్నాను. "ఓనరు వాణ్ణి మెడపట్టి గెంటేవాడు. మీ కుర్చీ మీకొచ్చేది."

"పాటల పుస్తకాలు ఏం పాపం చేశాయి?"

"మాట మార్చకండి."

"మార్చడం లేదు. వాడు చెడిపోతుంటే చూసి సంతోషించడానికి నేనేం చెయ్యాలో తెలుసా? చూస్తూ నోరు మూసుకోవాలి. వాడు చేసిందీ అదే కదా. నిజం తెలిసీ దాచి, నా మీద పోనిచ్చాడు. అదే పని నేనూ చేస్తే ఇంక మా ఇద్దరికీ తేడా ఏముంది?"

"మీకు కోపం రాదు కాబట్టి ఎన్నయినా చెబుతారు" అన్నాను. ఆయన ఏదో అనబోయి ఆగారు.

ఆగస్టు 3, ఆదివారం

మళ్ళీ ప్రభువు బల్ల, మళ్ళీ నేను కూర్చునే ఉన్నాను.

ఇంటికొచ్చాక ఆయన చెప్పులు విప్పుతూ అన్నారు. "మొన్న నాకు కోపం రాదన్నావు. ఆసుపత్రిలో మొదటి వారం నేనేం కోరుకున్నానో తెలుసా? వాడి చెయ్యి ఆ కత్తి కింద పెట్టాలని. ఐదు వేళ్ళూ. కళ్ళు మూసుకుంటే అదే కనిపించేది, బాగుండేది కూడా."

"మరి ఎలా క్షమించారు?"

"ఒకసారి క్షమిస్తే అయిపోతుందనుకున్నావా? రోజూ పొద్దున గుండీలు పెట్టుకునేటప్పుడు గుర్తొస్తుంది. ఈ చేత్తో ఒక్కో గుండీ ఎక్కించేసరికి వాడి మీద ఎక్కడలేని కోపం వస్తుంది. అందుకే ఒక్కో గుండీకీ ప్రార్థన చేస్తాను. పై గుండీ దగ్గర తిట్టాలనిపిస్తుంది. కింది గుండీకి వచ్చేసరికి సరిపోతుంది. ఆరు గుండీలు. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి."

"అందుకేనా నన్ను పెట్టనివ్వలేదు?"

"నువ్వు పెడితే త్వరగా అయిపోతుంది. నాకు ఆ ఇరవై నిమిషాలూ కావాలి."

ఇన్నాళ్ళూ ఆయనకి అది పుట్టుకతో వచ్చిన మంచితనమనుకున్నాను. నాకు లేదు కాబట్టి నా తప్పేం లేదనుకున్నాను. ఆయన రోజూ నా కళ్ళ ముందే కష్టపడి సంపాదించుకుంటున్నారని తెలియలేదు. నేను వంటింట్లో కూర్చుని ఆలస్యమవుతోందని విసుక్కున్నాను.

ఆగస్టు 5, మంగళవారం

చెప్పేశాడు. మరిది చెప్పేశాడు.

ఆయన ఇంటికి వస్తూనే గోడ పట్టుకుని కూర్చున్నారు. నీళ్ళిచ్చాను. ఒక్కొక్క ముక్కే చెప్పారు.

కటింగ్ మిషను మీద కొత్తగా ఒక పనివాణ్ణి పెట్టారు. నడివయసు మనిషి, వేరే ప్రెస్సు నుంచి వచ్చాడు. ఈ రోజు టీ తాగుతూ పని చేసుకోవచ్చని ఒక బటన్ని రబ్బరుతో బిగించాడట. మరిది అది చూశాడు. పరుగున వచ్చి మిషను ఆపేసి, ఆ రబ్బరు తెంపి, అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఏడుస్తూ అరిచాడట: "నేనూ ఇలాగే కట్టాను. అన్నయ్య వేళ్ళు నేనే తీశాను. అన్నయ్య కట్టలేదు, నేను కట్టాను, అబద్ధం చెప్పాను." మిషన్లన్నీ ఆగాయి. ఓనరు గదిలోంచి బయటికొచ్చాడు. వాడు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, అందరి ముందూ.

"మీరేం చేశారు?"

"లేపాను."

ఓనరు వాణ్ణి అప్పటికప్పుడు పొమ్మన్నాడు. ఆయన అడ్డుపడ్డారు. మేస్త్రీ పని తీసెయ్యండి, అది న్యాయమే, కానీ మిషను మీద మాత్రం వీణ్ణే ఉంచండి అన్నారు. ఓనరు ఆయనకి మతిపోయిందనుకున్నాడు. "ఆ బటన్ల విలువ వీడికి తెలిసినంతగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదండీ. ఇంతకంటే జాగ్రత్తైన మనిషి మీకు దొరకడు" అన్నారట. ఓనరు సాయంత్రం దాకా ఆలోచించి సరేనన్నాడు. రేపటి నుంచి ఆయన కుర్చీ ఆయనది.

నాకు సంతోషంగా ఉంది. ఇక వాడి మీద కోపం ఉండాల్సిన పని లేదు.

ఆగస్టు 9, శనివారం

ఉంది.

ఆగస్టు 20, బుధవారం

ఆయన పేరు నిలబడింది, కుర్చీ వచ్చింది, వాడు నిజం చెప్పాడు. కావాలన్నవన్నీ అయ్యాయి. అయినా వాడి పేరెత్తితే అదే కోపం. ఇన్నాళ్ళూ ఈ కోపం ఆయన కోసమనుకున్నాను. ఆయనకి అక్కర్లేదు. మరి ఎవరి కోసం మోస్తున్నట్టు? వాడు నా చేతి ముద్ద తిని పెరిగి నన్ను ఇంత బాధపెట్టాడని, అంతే. ఇది నా సొంత గాయం. దీన్ని ఇంకెవరూ క్షమించలేరు, నేనే క్షమించాలి.

ఆగస్టు 31, ఆదివారం

వాడు చర్చికి వచ్చాడు, ఒక్కడే. మూడో వరస దాకా నడిచొచ్చి ఆగాడు. సంచి ఉంది. నేను ఎదుటి గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. వాడు వెనక్కి వెళ్ళి, తలుపు దగ్గర గంటన్నర నిలబడ్డాడు.

సంచిలో ఏముందో తెలుసా? ఒక రుమాలు, ఇంటి తాళంచెవి.

సెప్టెంబరు 4, గురువారం

నడుం పట్టేసి ఈ రోజు పనికి వెళ్ళలేదు. పదకొండింటికి ఈ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే గుమ్మంలో నీడ పడింది. వాడే.

"మీ అన్నయ్య లేడు" అన్నాను.

"తెలుసు వదినా. నీ కోసమే వచ్చా."

"నిలబడే మాట్లాడతావా?"

"కూర్చోమన్లేదుగా." చిన్నప్పుడూ ఇంతే, చెప్పందే కూర్చోడు.

"కూర్చో."

కుర్చీ అంచున కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అన్నయ్య క్షమించాడు. నేను బాత్రూంలో ఉండగానే క్షమించాడు. నీ సంగతి అడుగుదామని..."

"అడగడానికేముంది?"

"ఆదివారం సంచి చూశా వదినా."

క్షమించానంటే అబద్ధం. క్షమించలేదంటే, ఈమధ్య అది కూడా పూర్తిగా నిజం కాదు. వాడే మాట్లాడాడు. "నీకు అబద్ధం చెప్పనని చిన్నప్పుడు మాటిచ్చా. ఆసుపత్రిలో నువ్వు నన్ను పట్టుకుని ఏడ్చావు, ఇలా ఎందుకయిందిరా అని. అప్పుడు కూడా చెప్పలేకపోయా. అన్నయ్య వేళ్ళ కంటే అదే ఎక్కువ పీడిస్తోంది నన్ను."

అది నేను ఈ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. వాణ్ణి పట్టుకుని ఏడ్చిన సంగతి. రాయడానికి కూడా మొహం చెల్లలేదు నాకు.

అప్పుడు వాడి చూపు బల్ల మీద పడింది. "ఇది నా మొదటి పుస్తకం కదూ?"

"మీ అన్నయ్య దాచాడు. నేను రాసుకుంటున్నాను."

"ఏం రాస్తున్నావు?"

"నిన్ను తిడుతున్నాను."

న్యాయమే అన్నట్టు తలూపాడు. పుస్తకం ముట్టుకోలేదు. కింది అంచు వైపే చూస్తూ, "ఎంత వంకరగా కోశానో" అన్నాడు.

"అయితే సరిచెయ్యి" అన్నాను. నోరు జారింది. జారాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

వాడు వంగి చూశాడు. "పొట్టిగా ఉన్న మూలకి సమంగా కొయ్యాలి. అలా కోస్తే పేజీ అడుగు దాకా రాసినచోట రెండు మూడు లైన్లు పోతాయి వదినా. నువ్వు రాసినవి."

"పోనీ."

"అన్నయ్యని కొయ్యమంటావా?"

"అన్నయ్య ఎందుకు? మిషను మీద ఉండేది నువ్వేగా."

వాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాకు ఓదార్చడం చేతకాదు. లేచి టీ పెట్టాను. శనివారం నేనే తీసుకొస్తానని చెప్పాను.

సెప్టెంబరు 6, శనివారం

పుస్తకం తెరుచుకోకుండా చుట్టూ దారం కట్టి ప్రెస్సుకి తీసుకెళ్ళాను. వాడు రెండు చేతులతో అందుకున్నాడు. కత్తి కింద పెట్టి స్కేలుతో మూడుసార్లు చూశాడు. "అన్నయ్యా, ఒకసారి చూడు" అన్నాడు. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, వంగి చూసి, "సరిగ్గా ఉంది" అని రెండడుగులు వెనక్కి వచ్చారు.

"చేతులు" అని గట్టిగా అన్నాడు మరిది. గదిలో ఉన్న నలుగురు పనివాళ్ళూ చేతులు పైకెత్తారు. ఇప్పుడు అక్కడ అదే పద్ధతట, వాడు పెట్టిందే. కత్తి దిగే ముందు వాడు అడుగుతాడు, గదిలో ఎవరున్నా చేతులెత్తి చూపించాలి. నేనూ ఎత్తాను. ఆయన కూడా ఎత్తారు, ఐదు వేళ్ళ చెయ్యీ, రెండు వేళ్ళ చెయ్యీ. వాడు వరసగా అందరి చేతులూ చూశాడు. అన్నయ్య కుడిచెయ్యి దగ్గర ఆగాడు. తల దించుకోలేదు, పూర్తిగా చూశాడు. తర్వాత రెండు బటన్లూ నొక్కాడు.

కింద సన్నటి కాగితపు ముక్కలు రాలాయి. నా అక్షరాలు ఒకదాని మీద సగం సగం కనిపించాయి. వాడు వాటి వైపు చూడకుండానే ఊడ్చి సంచిలో వేశాడు.

ఇప్పుడు పుస్తకం తిన్నగా నిలబడుతోంది. ఇంటికొచ్చి తిరగేశాను. జూన్ ఇరవై రెండో తారీఖున "నేను నీకు చెప్పాలనుకున్నదేమిటంటే" దగ్గర తెగిపోయింది. ఆ ఒక్క పేజీలోనే అడుగు దాకా ఏదో రాశాను. చాలాసేపు ఆలోచించాను, ఏం రాశానో గుర్తు రాలేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

సంచి ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను. తాళంచెవి ఆయన జేబులో వేశాను. మూడో వరసలో నలుగురం కూర్చున్నాం. వాడు ఒదిగి ఒదిగి కూర్చుంటే, "సరిగ్గా కూర్చో, బెంచీ మీ తాతదే" అన్నాను. తోడికోడలు నవ్వు ఆపుకోలేక దగ్గింది.

ప్రార్థనలో ఆ మాట వచ్చింది. నోరు తెరిచాను. అందరితో కలవలేక ఒక్కో మాటా విడివిడిగా చెప్పాను. ఎడమ పక్క ఆయనా, కుడి పక్క వాడూ అందరికంటే ఒక మాట వెనకబడి, నాతో పాటు మెల్లగా చెప్పారు.

బల్ల దగ్గరికి వెళ్ళాను. పాస్టరుగారు రొట్టె చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకున్నారు.

సెప్టెంబరు 8, సోమవారం

పొద్దున లేచేసరికి మళ్ళీ కోపం వచ్చింది. నిన్న అంత జరిగాక కూడా. నామీద నాకే అసహ్యం వేసింది.

ఆయన అద్దం ముందు మొదటి గుండీ దగ్గర ఉన్నారు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "నాకూ వచ్చింది" అన్నాను. ఏమిటని అడగలేదు. చెయ్యి కిందికి దించి, కాస్త పక్కకి జరిగి నాకు చోటిచ్చారు.

పై మూడూ నేను పెట్టాను. ఒక్కోదానికీ ఆగాను. కింది మూడూ ఆయన పెట్టుకున్నారు. ఇద్దరికీ పనికి ఆలస్యమైంది.